మైక్రోవేవ్ లోపలంతా రేకే కదా, మరి స్పూన్ పెడితే తప్పేంటి?

లాస్ట్ వీక్ అనకాపల్లిలో మా ఇంట్లో దీపావళి కాకుండానే నిప్పురవ్వలు లేచాయి. పెళ్లిలో గిఫ్ట్‌గా వచ్చిన బంగారు అంచు ప్లేటులో ఇడ్లీలు పెట్టి మైక్రోవేవ్ ఆన్ చేశా. రెండు మూడు సెకన్లకే అంచు చుట్టూ టపటపా మెరుపులు. అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏట్రా అది, ఇల్లు తగలెట్టేస్తావా?" నేను ఆపేశాక ఇంకో ప్రశ్న వేసింది: "ఆ పెట్టె లోపలంతా రేకే కదా, మరి దానికేటీ అవలేదేం?"

బీటెక్ చదివి, కోడ్ రాసి బతికినోణ్ణి. నోట మాట రాలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

అమ్మ పాయింట్ కరెక్టే. లోహం శత్రువు కాదు. మైక్రోవేవ్ తరంగం లోహాన్ని తాకగానే అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగి, తరంగాన్ని వెనక్కి తిప్పి కొడతాయి. గోడలు నున్నగా, మందంగా ఉంటాయి కాబట్టి ఆ కరెంటు పరుచుకుపోతుంది. తలుపు జాలీ కూడా అంతే. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీ కన్నాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. వెలుతురు బయటికొస్తుంది, తరంగం రాదు.

గొడవంతా ఆకారంతోనే. ఫోర్కు మొనలు, నలిగిన ఫాయిల్ అంచుల దగ్గర విద్యుత్ క్షేత్రం పోగవుతుంది. సెంటీమీటరుకి సుమారు 30 వేల వోల్టులు దాటితే గాలి కూడా తట్టుకోలేదు, నిప్పురవ్వ దూకుతుంది. మా ప్లేటు మీద పూత మరీ పల్చన. కరెంటుకి వేడెక్కి, అక్కడక్కడ తెగి, ఆ సందుల్లో మెరుపులు.

మరి నున్నటి స్టీలు గిన్నె? మెరుపు రాకపోవచ్చు గానీ, తరంగం పక్కల నుంచీ కింద నుంచీ లోపలికి పోదు, అన్నం సరిగ్గా వేడెక్కదు. గిన్నె గోడకి తగిలేలా ఉంటే మెరుపు కూడా రావచ్చు. వద్దు. ఖాళీగా ఆన్ చేయడమూ వద్దు. పీల్చుకునే తిండి లేకపోతే ఆ శక్తి మళ్లీ మాగ్నెట్రాన్ మీదికే పోతుంది.

వేడి ఎక్కువగా నీటి వల్లే. సెకనుకి 245 కోట్ల సార్లు ఊగే క్షేత్రంతో పాటు తిరగాలని నీటి అణువులు తోసుకుంటాయి. మామూలు గాజుకి ఆ గోల లేదు. ఐసులో అణువులు బిగుసుకుని ఉంటాయి, అందుకే అది నెమ్మదిగా కరుగుతుంది. మన ఊరి వాళ్లకి ఒక మాట: బెల్లం పాకాన్ని పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకండి. నీరు తగ్గేకొద్దీ పాకం వంద డిగ్రీలు దాటేస్తుంది, డబ్బా వంగిపోతుంది.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. 2014లో ఐఓఎస్ 8 వచ్చినప్పుడు, మైక్రోవేవ్‌లో పెడితే ఐఫోన్ ఛార్జ్ అవుతుందని ఒక ఫేక్ యాడ్ తిరిగింది. ఫోన్ నిండా సన్నటి రాగి గీతలు, పైగా లిథియం బ్యాటరీ. మా ప్లేటుకి పట్టిన గతి తలుచుకోండి.

ఆ ప్లేటు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. నల్లబడ్డ వైపు గోడకి తిప్పి, అమ్మ అందులో అరటిపళ్లు పెడుతోంది.