పాట మాది... మరి అక్షరాలు ఎవరివి?

మా అత్తమ్మకు పాటల నోటుబుక్కు ఒకటి ఉండేది. నలుగు పెట్టేటప్పుడు, అప్పగింతలప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు పాడే పాటలన్నీ అందులో రాసుకుంది. కొన్ని వాళ్లమ్మ దగ్గర విన్నవి, కొన్ని తను సొంతంగా కట్టినవి. చదివింది ఐదో తరగతే అయినా అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా ఉండేవి.

1998లో మావారికి దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాలని బుద్ధి పుట్టింది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో ఇచ్చాం. టైపు పూర్తయింది కానీ, అచ్చుకు డబ్బులు సరిపోక పని అక్కడే ఆగిపోయింది. నాలుగు పేజీల ప్రూఫు కాగితాలు, ఒక ఫ్లాపీ పట్టుకుని ఇంటికొచ్చాం. తర్వాత ఫ్లాపీలోని ఫైలును సీడీలోకి ఎక్కించి బీరువాలో చీరల కింద దాచాను.

నోటుబుక్కు చెదలు తినేసింది. 2009లో అత్తమ్మ కూడా పోయింది. సీడీ ఉంది కదా, ఫికరెందుకు అనుకున్నాను.

కిందటేడు మా అమ్మాయికి పెండ్లి కుదిరింది. "నా పెండ్లిల నానమ్మ పాటలే పాడాలె" అని పట్టుబట్టింది. సరేనని సీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టాం. ఫైలు తెరుచుకుంది. కానీ తెర నిండా డాలరు గుర్తులు, పర్సెంటు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు! తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు.

డీటీపీ సెంటర్ ఎప్పుడో మూతపడింది. అది నడిపినాయన్ని వెతికి పట్టుకున్నాం. "అక్కా, ఆ ఫాంటుకు లాక్ ఉండేది. అగ్గిపెట్టె అంత ఉంటది. కంప్యూటర్ ఎనుక గుచ్చితేనే అక్షరాలు కనబడ్తయి. లాక్ ఖరాబయింది, కంపెనీ అతీగతీ లేదు. నేనేం చేస్త చెప్పు?" అన్నాడు.

ఇంటికొచ్చి కూర్చుంటే ఏడుపొచ్చింది. పాట కట్టింది మా అత్తమ్మ. పైసలిచ్చి టైపు చేయించింది మేము. మా పాట మేం చదువుకోవాలంటే ఎవరో తాళంచెవి ఇవ్వాలట!

అక్షరాలకు తాళమేమిటి?

మా బావగారి చిన్న బిడ్డ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు సీడీ చూపిస్తే, "చిన్నమ్మా, ఫైలు మంచిగనే ఉంది. అక్షరాలే వేరేవాళ్ల చేతుల ఉన్నయి" అంది. ఆ పిల్ల చెప్పింది విన్నాక, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తెలిసింది.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. మన తెలుగుకు అందరూ ఒప్పుకున్న అంకెలు వాడుకలోకి రాకముందు, ఒక్కో కంపెనీ తనకు తోచిన చోట తెలుగు అక్షరాలను ఇరికించింది. ఒకరి 'క' ఉన్న చోట ఇంకొకరి 'మ' ఉండేది. అందుకే ఆ కంపెనీ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే ఇంగ్లిషు పిచ్చిగీతలు!

దీనికి విరుగుడు యూనికోడ్. లోకంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే లెక్క. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 'అ'కు 3077, 'క'కు 3093. ఏ కంపెనీ కంప్యూటరైనా, ఏ దేశంలోనైనా అంతే. అయితే కాగితం మీది లెక్క ఇళ్లలోకి రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు ఉండేది. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు తాను రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను అందరూ స్వేచ్ఛగా వాడుకోవడానికి ఇచ్చేశారు. మా ఫైలు 1998 నాటిది. ఈ మంచిరోజులు రాకముందే తాళంలో పడిపోయింది.

పేపరు చదవాలన్నా అదే తిప్పలు!

2000 ప్రాంతంలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి తెలుగు పేపరు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. వాటిలో కొన్ని మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే సరిగా కనిపించేవి. వేరే బ్రౌజర్ వాడితే ఆ పిచ్చిగీతలే. బ్రౌజర్ అంటే ఇంకేం లేదు, మనం ఇంటర్నెట్‌ను చూసే కిటికీ. ఫలానా కంపెనీ కిటికీలోంచి చూస్తేనే మన తెలుగు మనకు కనిపించడం, అదీ విడ్డూరం!

ఆ కిటికీ మీద అమెరికాలో పెద్ద దావానే నడిచింది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను జనం బాగా వాడేవారు. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ను విండోస్‌తోపాటే కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. బియ్యం కొంటే పప్పు కూడా మా కొట్లోనే తీసుకోవాలి అన్నట్టు! 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్లింది. 2000లో జడ్జిగారు మైక్రోసాఫ్ట్‌ది తప్పేనని తీర్పిచ్చి, కంపెనీని రెండు ముక్కలు చేయమన్నారు. 2001లో పైకోర్టు, గుత్తాధిపత్యం నిలుపుకోవడానికి అడ్డదారి తొక్కిన మాట నిజమేనంటూనే, ముక్కలు చేయమన్న ఆదేశాన్ని కొట్టేసింది. చివరికి రాజీ కుదిరింది. ఈలోగా నెట్‌స్కేప్ చితికిపోయింది.

అయితే పోతూ పోతూ నెట్‌స్కేప్ ఒక మంచి పని చేసింది. 1998లో తన బ్రౌజర్‌ను తయారుచేసిన విధానమంతా, అంటే సోర్స్ కోడ్‌ను, లోకానికి ఇచ్చేసింది. దాన్నుంచి మొజిల్లా, 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ వచ్చాయి. వాటికి ఎవరైనా తమకు కావాల్సిన అతుకు వేసుకోవచ్చు. మన తెలుగువాడైన వెన్న నాగార్జున అలాగే 'పద్మ' అనే అతుకు తయారుచేశారు. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటులో పెట్టిన తెలుగును అది అప్పటికప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే.

ఇవన్నీ పాత ముచ్చట్లు, మనకెందుకంటారా? మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. కొన్ననాడే అందులో గూగుల్ వారి బ్రౌజరు, వెతికే డబ్బా వచ్చి కూర్చుని ఉంటాయి. మనం అడిగామా? దీని మీద 2018లో మన దేశంలోనే ముగ్గురు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. వారేం కోటీశ్వరులు కారు. ఒకరైతే లా చదువుతున్న విద్యార్థి. 2022 అక్టోబర్‌లో కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు విన్న ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా, జరిమానాను మాత్రం ఖాయం చేసింది.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

"అయితే పైసల్లేకుండ ఇచ్చేదే మంచిదా?" అని అడిగాను. "కాదు చిన్నమ్మా, ఆ గూగుల్ బ్రౌజర్ కూడ ఉచితమే కదా" అంది పిల్ల. ఇంగ్లిషులో రెండిటికీ ఒకటే మాట కాబట్టి వాళ్లకు తికమక. మనకు ఆ బాధ లేదు, రెండు మాటలున్నాయి. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో మొదలుపెట్టిన ఉద్యమం అడిగేది స్వేచ్ఛను. హైదరాబాద్‌లో ఈ పని చేసే సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

ఆ స్వేచ్ఛలు నాలుగు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుందో విప్పి చూసి మార్చుకోవచ్చు. నలుగురికీ పంచవచ్చు. మార్చినదాన్ని కూడా పంచవచ్చు. వింటుంటే నాకు మా బతుకమ్మ పాట గుర్తొచ్చింది. ఎవరైనా పాడుకోవచ్చు, నేర్చుకోవచ్చు, ఇంకొకరికి నేర్పవచ్చు, మధ్యలో తన చరణం ఒకటి కలిపి పాడవచ్చు. ఎవరూ తాళం వేయలేదు కాబట్టే ఆ పాటలు మా అత్తమ్మదాకా వచ్చాయి.

డీటీపీ ఆయన మాట కూడా చెప్పాలి. "ఫాంటు చేసినోళ్లు కష్టపడ్డరు కదక్కా! లాక్ లేకుంటే అందరు కాపీ కొడుదురు. వాళ్లేం తినాలె?" అన్నాడు. నిజమే. కష్టానికి కూలి ఇవ్వాల్సిందే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కూడా డబ్బులకు అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. కానీ కూలి ఇచ్చి కుట్టించుకున్న రవికె బొత్తాలు పెట్టుకోవడానికి ప్రతిసారీ దర్జీ అనుమతి కావాలంటే ఒప్పుకుంటామా?

మూడు రాత్రులు

ఇక మా ఫైలు సంగతి. పాత ఫాంట్లను మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఒకటి పిల్ల దించుకుంది. అందులో మా ఫాంటు పట్టిక లేదు. అది తాళం వేసినదైతే కథ అక్కడితో సరి. కానీ విప్పి మార్చుకునేది కదా! మా దగ్గర మిగిలిన నాలుగు ప్రూఫు కాగితాలు ముందు పెట్టుకుంది. కాగితంలో 'బ' ఉన్న చోట ఫైలులో ఏ గుర్తుంది, 'తు' ఉన్న చోట ఏ గుర్తుంది అని ఒక్కొక్కటీ పోల్చుకుంటూ పట్టిక తనే తయారుచేసి, అందులో చేర్చింది. మరో ఇంట్లో ఇదే ఫాంటు ఫైలు ఉంటే వాళ్లకూ పనికొస్తుందని ఆ పట్టికను నలుగురికీ అందుబాటులో పెట్టింది.

తెర మీద మొదటి తెలుగు వరుస వచ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు. అన్నీ సరిగా రాలేదనుకోండి. ఒత్తులు ఎగిరిపోయాయి, దీర్ఘాలు పక్క అక్షరం మీద పడ్డాయి. మూడు రాత్రులు కూర్చుని, అత్తమ్మ ఎలా పాడేదో గుర్తుచేసుకుంటూ దిద్దాను. ఒక పాటలో రెండు వరుసలు మాత్రం ఎంతకీ తెగలేదు. మా చిన్నత్తమ్మను అడిగితే, "అక్క ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడకపోవు" అంది. ఆ రెండు వరుసలూ అలాగే వదిలేశాను.

అటు ఆదిలాబాద్‌లో...

పెండ్లి పత్రిక ఇవ్వడానికి మంచిర్యాల, జన్నారం మీదుగా ఉట్నూరు పోయాను. మా చెల్లె అక్కడికి దగ్గర్లోని ఊళ్లో టీచరు. ఈ కథంతా చెబితే నవ్వి, "మీకు లిపన్న ఉంది అక్కా. మా బడి పిల్లల సంగతేంది?" అంది. పిల్లలంతా గోండులు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు.

గోండికి సొంత లిపి లేదని చాలామంది అనుకునేవారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో పాత రాతప్రతులు ఉన్నాయని, వాటి లిపి వేరేదని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ గుంజాల గోండి లిపికి 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో చోటు దొరికింది. ఒక ఊళ్లో మిగిలిన అక్షరాలకు లోకం లెక్కలో అంకెలు వచ్చాయన్నమాట. ఆ లిపికి 'నోటో' ఫాంటు కూడా ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

చెల్లె వాళ్ల బడిలో వంట చేసే ఆమె గోండి పాటలు బాగా పాడుతుంది. అక్కడి గోండు కుర్రాడొకడు ఆమె పేరును ఆ లిపిలో టైపు చేసి నాకు పంపాడు. నా పాత ఫోన్‌లో ఉత్త డబ్బాలు కనిపించాయి. నా గుండె జారిపోయింది, మళ్లీ సీడీ కథేనా అని! ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఆ ఫాంటు దించుకున్నాను. డబ్బాలు అక్షరాలైపోయాయి. లాక్ అడగలేదు, పైసలడగలేదు. నాకు చదవరాదు కానీ, అవి ఆమె పేరని తెలుసు.

పెండ్లిలో అత్తమ్మ పాటలు పాడుకున్నాం. తెగని రెండు వరుసల దగ్గర చిన్నత్తమ్మ తనకు తోచింది పాడేసింది, మేమంతా అందుకున్నాం.

మీ ఇంట్లోనూ పాత ఫైళ్లున్నాయా?

* డీటీపీకి ఏదిచ్చినా "యూనికోడ్‌లో కొట్టండి" అని ముందే చెప్పండి. ఫైలుతోపాటు కాగితం మీద ప్రింటు కూడా తీసుకోండి. మమ్మల్ని కాపాడింది ఆ నాలుగు కాగితాలే.

* పాత ఫ్లాపీలు, సీడీలు ఉంటే ఇప్పుడే తెరిచి చూడండి. పెండ్లి ముందు పెట్టుకోవద్దు!

* ఫోన్‌తో వచ్చిన బ్రౌజరే వాడాలని లేదు, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఉత్తరాలూ లెక్కలూ రాసుకోవడానికి లిబ్రెఆఫీస్ ఉన్నాయి. రెండూ తెలుగులో దొరుకుతాయి.

* అమ్మ, అత్తమ్మ, నానమ్మల నోటుబుక్కులుంటే చెదలకంటే ముందు మీరే చేరుకోండి.