రేడియోలో గరగర... అది పిడుగు కబురు!

మబ్బు పట్టిన సాయంత్రం. నందిగామ పక్క పొలం గట్టున మీడియం వేవ్ రేడియో. విజయవాడ ఆకాశవాణి పాట మధ్యలో ఉన్నట్టుండి ‘గర్ర్‌ర్’! అదే క్షణంలో దూరంగా మెరుపు. రెండింటికీ చుట్టరికం ఏమిటి?

విద్యుదావేశం కదలకుండా ఉంటే తరంగాలు పుట్టవు. ఒకే వేగంతో తిన్నగా సాగినా పుట్టవు. వేగమో, దిశో మారాలి. అప్పుడే విద్యుదయస్కాంత తరంగాలు బయల్దేరతాయి. 1865లో మాక్స్‌వెల్ లెక్కకట్టి చెప్పిన ఈ తరంగాల ఉనికిని 1887-88లో హెర్ట్జ్ చిన్న నిప్పురవ్వతో రుజువు చేశాడు.

విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. అంటే ప్రసార స్తంభంలో ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 8,37,000 సార్లు అటూఇటూ ఊగాలి. ఆ ఊపే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో జగ్గయ్యపేట చేరి పాటవుతుంది. మెరుపులో ఆవేశాలు ఒక పద్ధతంటూ లేకుండా ఒక్కసారిగా ఎగిసిపడతాయి. అందుకే పాట కాదు, గరగర!

పుణె శాస్త్రవేత్తల ‘దామిని’ యాప్ హెచ్చరికలకూ ఆధారం ఈ తరంగాలే. మెరిసిన 30 సెకన్లలోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నట్టు. మిరపచేలో పనెంత ఉన్నా సరే, చెట్టు కిందికి కాదు... వెంటనే పక్కా ఇంట్లోకి నడవండి!