తాళం పడిన తరువాత

గ్రంథాలయం అనగానే మన కళ్ళకు కట్టేది తలుపులు తెరిచి ఉన్న గ్రంథాలయమే. పొడుగాటి బల్లలు, వాటి మీదికి వంగిన తలలు, పైన గిరగిర తిరిగే ఫంకాలు, మూల కుర్చీలో పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్న కునుకు తీసే పెన్షనరుగారు. అందమైన చిత్రమే. కాని మన ఊళ్ళలో చాలా శాఖా గ్రంథాలయాలు తెరిచి ఉండేది పూటకు మూడు నాలుగు గంటలు. పెద్ద పట్టణాలలో పన్నెండు గంటలు అనుకోండి. తక్కిన కాలమంతా ఆ పుస్తకాలు, ఆ వరండా, ఆ గేటు, గేటు ముందున్న జాగా ఎవరి అధీనంలో ఉంటున్నవి? ఈ ప్రశ్న వేసుకోవటం మనకు అలవాటు లేదు.

పూర్వం ఐరోపాలో ఈ సమస్యను సులువుగా పరిష్కరించారు. పుస్తకాలకు గొలుసులు వేశారు. ఇంగ్లండులో హెరిఫర్డు పట్టణపు పెద్ద చర్చిలో ఆ గొలుసుల గ్రంథాలయం ఈనాటికీ చూడవచ్చు. పుస్తకం బల్ల దాకా వస్తుంది, గుమ్మం దాకా రాదు. మన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పినప్పుడు మొట్టమొదటి దెబ్బ ఈ గొలుసు మీదనే వేశారు. పుస్తకం ఉన్నది దాచుకునేందుకు కాదు, జనం వాడుకునేందుకు అన్నది ఆయన వాదం. ఆ మాటను మనమంతా ఒప్పుకున్నాం. పుస్తకాలకు గొలుసులు లేవు. అయితే ఆ గొలుసు ఎక్కడికీ పోలేదు, వెళ్ళి గేటుకు చుట్టుకున్నది. భద్రత పేరు చెప్పి పొద్దు వాలగానే గేటు మూస్తాం; మూసిన తరువాత ఆ భద్రత సంగతి మనకు పట్టదు.

భద్రత అంటే మనకు ముందుగా దొంగ గుర్తుకు వస్తాడు. నిజం చెప్పవలసివస్తే మన దొంగలకు సాహిత్యాభిరుచి తక్కువ. అర్ధరాత్రి తాళం పగలగొట్టి ప్రబంధాలు ఎత్తుకుపోయిన ఘనుణ్ణి గురించి నేను వినలేదు. పోతే ఇన్వర్టరు బ్యాటరీ పోతుంది, నీళ్ళ మోటారు పోతుంది, రాగితీగ పోతుంది. పుస్తకాలు పోవటం పట్టపగలే, అదీ మర్యాదస్థుల చేతుల మీదుగానే జరుగుతుంది. రాత్రిపూట పుస్తకానికి వచ్చే ఆపద వేరు. అది నిప్పు.

శ్రీలంకలో జాఫ్నా గ్రంథాలయానికి నిప్పు పెట్టినది 1981 మే 31 రాత్రి. సుమారు 97,000 సంపుటాలు, వాటితోపాటు తాళపత్రాలు కాలిపోయినవి. దాని వెనుక రాజకీయ వైరం ఉన్నది గనుక అది వేరే కథ అనవచ్చు. మైసూరులో 2021 ఏప్రిల్ 9 తెల్లవారుజామున జరిగినదానికి అంత పెద్ద కథ లేదు. కూలిపని చేసుకునే ఒక పెద్దమనిషి తన చేతి డబ్బుతో నడుపుతున్న చిన్న గ్రంథాలయం అది. దాదాపు 11,000 పుస్తకాలు ఎవరూ లేని వేళ బూడిద అయినవి. పగలు పదిమంది కూర్చునే చోట అగ్గిపుల్లంత నిప్పు రేగితే ఎవరో ఒకరు చెంబెడు నీళ్ళు పోస్తారు. రాత్రి ఆ ఎవరో ఒకరు ఉండరు. తేడా అంతే.

మా ఊరి గ్రంథాలయానికి రాత్రి కాపలా మనిషి ఉన్నాడు. అరవై దాటినవాడు. చేతికర్ర, టార్చిలైటు, ఒక మంకీ క్యాపు అతని సామగ్రి. ఒకనాటి సాయంత్రం గేటు దగ్గర ఆగి, లోపల పొగ కనిపిస్తే ఏం చేస్తావని అడిగాను.

"లోపలికెట్టా పోనండి బాబూ? తాళాలు అయ్యగారింటికాడ ఉంటయ్. వారిది మూడు మైళ్ళు."

"ఫోను చేస్తావు గదా?"

"నంబరుందండి. అది లోపల గోడ మీద రాసుంది."

నవ్వు వచ్చిన మాట నిజమేగాని అందులో అతని తప్పేమీ లేదు. ఫైరింజను కోసం 101, ఏ ఆపదకైనా 112 తిప్పమని అతనికి ఎవరూ చెప్పలేదు. పగలు వరుసలు వరుసలుగా నిలిపిన బళ్ళలో కొన్ని రాత్రి కూడా గేటుకు అడ్డంగానే ఉండిపోతున్నవి గనుక, ఫైరింజను వచ్చినా వీధిలోనే ఆగిపోవలసివస్తుందన్నది కూడా ఎవరికీ తట్టినట్టు లేదు.

కాపలా సంగతీ బళ్ళు నిలిపే సంగతీ రెండు వేరు వేరు విషయాలని మనం అనుకుంటాం. కావు. రెండూ గ్రంథాలయపు ముంగిలికి సంబంధించినవే. ఆఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని చూడండి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న రాజభవనం వంటి కట్టడంలోకి వచ్చింది. ఆ రోజులలో చదువరి కాలినడకనో, సైకిలు మీదనో, బాగా కలిగినవాడైతే జట్కాలోనో వచ్చేవాడు. ఈనాడు ఆ చుట్టుపక్కల బస్సులు, ఉస్మానియా ఆస్పత్రి జనం, బజారు బళ్ళు కలిసి ఒక తిరునాళ్ళ. ఇక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి దీపాలు ఆర్పేవేళకుగాని లేవరు. వాళ్ళు చదివేవి చాలావరకు తాము తెచ్చుకున్న పుస్తకాలే. గ్రంథాలయం నుంచి వాళ్ళు కోరేది ఒక కుర్చీ, ఒక దీపం, కాస్త నిశ్శబ్దం, బండి పెట్టుకునేందుకు రెండు గజాల చోటు. మొదటి మూడూ ఎలాగో దొరుకుతవి. నాలుగోదాని దగ్గరే తగవు.

ఈ తగవులన్నిటిలో పాతూరి నాగభూషణంగారి గ్రంథాలయం ఒక్కటే అదృష్టవంతురాలు. 1935లో ఆయన పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పుస్తకాలను పడవలో తిప్పారు. పాఠకులు బళ్ళెక్కి గ్రంథాలయానికి రానక్కరలేదు, గ్రంథాలయమే రేవుకు వచ్చేది. పార్కింగు బెడద లేని గ్రంథాలయం మన దేశంలో అదొక్కటే కాబోలు!

లెక్క చూస్తే ఈ సమస్య అంత జటిలమైనది కాదు. కారు నిలవటానికి రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడుగు కావాలి. అదే జాగాలో ఆరు మోటారు సైకిళ్ళు పడతవి. సైకిళ్ళయితే ఇంకా ఎక్కువ. అందుచేత ఇరుకు ఆవరణలో కార్లను లోపలికి రానివ్వటమంటే ఒక్క మనిషి కోసం అయిదుగురిని వీధిలోకి నెట్టటమే. కారున్నవారికి కోపం వస్తుందేమో, రానివ్వండి. నడవలేని వృద్ధులకు, వికలాంగులకు మెట్లకు దగ్గరగా రెండు చోట్లు విడిచిపెడితే చాలు. తక్కినదంతా ద్విచక్ర వాహనాలకు గీతలు గీసి, మన సినిమాహాళ్ళలో ఏనాటినుంచో నడుస్తున్న టోకెను పద్ధతి పెడితే సరి. టోకెనులో ఒక రహస్యమున్నది. మూసేవేళకు ఇంకా ఎన్ని టోకెన్లు తిరిగి రాలేదో చూస్తే లోపల ఎందరు మిగిలారో అంచనా తెలుస్తుంది. పాత టోకెను బోర్డు చేసే ఈ పని వేల రూపాయల కెమెరా చేయదు.

సెల్లారు ఉన్న కొత్త భవనాలలో ఇంకొక జాగ్రత్త కావాలి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల దుకాణంలో నిప్పు పుట్టి, పొగ మెట్ల దారిన పైకెక్కి, పై అంతస్తులలో దిగినవారిలో ఎనిమిదిమంది చనిపోయారు. మన గ్రంథాలయాలలో మెట్ల కింద ఉన్న ప్లగ్గుకు స్కూటరు తగిలించి పైకి వెళ్ళి చదువుకునే కుర్రవాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. కరెంటు ఉచితం, చదువు ఉచితం అన్నది వాళ్ళ లెక్క. ఆ ప్లగ్గును ఆవరణ చివర, ఆరుబయట గోడకు పెట్టించాలి. మెట్ల కింద ఉన్నదాన్ని ఊడబీకాలి.

ఇంతవరకు కాగితం గురించీ ఇనుము గురించీ చెప్పాను. మనుషుల గురించి చెప్పవలసినది అసలు సంగతి.

మా కళాశాలలో తెలుగు సాహిత్యం చదివే ఒక అమ్మాయి, బాగా చదివేది, కిందటేడు గ్రంథాలయానికి వెళ్ళటం మానుకున్నది. ఎందుకని అడిగితే మొదట నసిగింది. తరువాత చెప్పింది: "ఏడున్నరకు మూస్తారు మాస్టారూ. మూసేముందు గేటు లైటు తీసేస్తారు. మా స్కూటీలు వెనక గోడ పక్కన పెట్టమంటారు, ముందు చోటుండదు. అక్కడ ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. ఏమీ అనరు. కాని ఉంటారు. అమ్మ ఇంక వద్దంది."

ఆ తల్లిని తప్పుపట్టగలవారెవరు? ఏమీ అనకుండా ఉన్నవారి మీద ఏ కేసు నిలుస్తుంది? తెలంగాణలో 2014 నుంచీ షీ టీములు పనిచేస్తున్నవి, ఫోను చేస్తే వస్తారు, మంచిదే. కాని పోలీసును పిలవవలసిన అవసరం రాకముందే చక్కబెట్టవలసిన పని ఇది. ఆడపిల్లల బళ్ళు గేటుకు దగ్గరగా, వెలుతురులో ఉండాలి. వెనక గోడ పక్క జాగా మగపిల్లలకు ఇవ్వవచ్చు. మూయటానికి పావుగంట ముందు గంట కొట్టాలి. గేటు దీపం ఆఖరి మనిషి వీధి మలుపు తిరిగిన తరువాత కూడా వెలుగుతూ ఉండాలి. తెల్లవార్లూ వెలిగినా పోయేదేమీ లేదు. ఇరవై వాట్ల ఎల్.ఇ.డి. దీపం రాత్రికి పన్నెండు గంటల చొప్పున నెల్లాళ్ళు వెలిగితే ఏడు యూనిట్ల పైచిలుకు కరెంటు. యూనిట్టు పది రూపాయలని ఎక్కువగా వేసుకున్నా నెలకు 72 రూపాయలు. ఆ డబ్బు మిగుల్చుకుని ఒక చదువరిని పోగొట్టుకున్నాం.

లోపలి కట్టుబాట్లు కూడా ఖర్చుతో కూడినవి కావు. మూసేవారు ప్రతి గదికీ, మరుగుదొడ్డికీ, బీరువాల వెనక్కీ తిరిగి చూసి, మెయిను స్విచ్చి ఆపి, వేళ వేసి రిజిస్టరులో సంతకం చేయాలి. తాళాల రెండో జత దగ్గరలో నివసించే బాధ్యత గల మనిషి వద్ద ఉండాలి. స్విచ్చిబోర్డు దగ్గర నీళ్ళ బకెట్టు పనికిరాదు, బొగ్గుపులుసు వాయువు సిలిండరో పొడి సిలిండరో ఉండాలి. అది పనిచేస్తుందో లేదో ఏటేటా చూపించాలి. ఫోను నంబర్లు గేటుకు బయటివైపు రాయాలి.

తాళం పడిన తరువాత వచ్చేవారి కోసం గోడకు తపాలా పెట్టెవంటి కంత పెట్టి పుస్తకాలు అందులో పడవేయమంటే బాగుంటుంది గదా అని కొందరు మిత్రులు అన్నారు. అమెరికాలో అది మామూలే. అయితే ఆ కంతలోనుంచి ఆకతాయిలు మండే వస్తువులు పడవేసిన ఉదంతాలు అక్కడ చాలా ఉన్నవి. అందుకని అటువంటి పెట్టెను గోడకు కలపకుండా, భవనానికి దూరంగా విడిగా ఇనుముతో చేయించి పెట్టటం మేలని అక్కడివారు నేర్చుకున్నారు. మనం పెట్టుకుంటే ఆ రెండో రకమే పెట్టుకోవాలి. డెన్మార్కులో ఇంకా ముందుకు పోయారు. సిబ్బంది ఇళ్ళకు వెళ్ళిన తరువాత కూడా పౌరులు తమ కార్డు గీకి, రహస్య సంఖ్య నొక్కి లోపలికి పోయి చదువుకోవచ్చు. అటువంటి గ్రంథాలయాలు ఆ చిన్న దేశంలో వందల కొద్దీ ఉన్నవి. మనకు అది ఇప్పట్లో కుదురుతుందని నేను అనుకోను. వరండానూ ఒక చదువుగదినీ మాత్రం రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచి, పుస్తకాల గదులకు వేరే తాళం వేసుకోవటం కుదురుతుంది. నలుగురు చదువుకుంటూ కూర్చున్న వరండాకు వేరే కాపలా అక్కరలేదు. గోడ పక్కన ఊరకే కూర్చునే నలుగురూ తమంతట తామే లేచిపోతారు.

డబ్బేదీ అంటారు. మీ ఇంటిపన్ను రశీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టాన్ని అనుసరించి వసూలు చేస్తున్నది, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. రెండు వేలు పన్ను కట్టే గృహస్థు గ్రంథాలయానికి 160 రూపాయలు ఇస్తున్నాడన్నమాట, పుస్తకం ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. ఆ సొమ్మును పంచాయతీలూ పురపాలక సంఘాలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. వసూలు సక్రమంగానే జరుగుతుంది. జమకట్టటం దగ్గర జాప్యం. బకాయిలు కోట్లలో పేరుకున్నవని పత్రికలలో తరచు చదువుతున్నదే.

కిందటి నెలలో మా వీధివారం కొందరం ఆ రశీదులు పట్టుకుని మా వార్డు సభ్యుడిగారిని కలుసుకున్నాం. బకాయిల మాట ఆయన చేతిలో లేదన్నారు. గేటు దీపం, నేల మీద గీతలు, వెనక గోడ పక్క ఒక స్తంభం మాత్రం తప్పక వేయిస్తామన్నారు. దీపం వేశారు. గీతలకు సున్నం వచ్చింది, మనిషి రావాలి. స్తంభం కోసం మళ్ళీ వెళ్ళవలసి ఉన్నది.