ఉప్పు, కర్పూరం, ఒక పద్యం

పిల్లలూ! ఒక చిన్న పళ్ళెంలో చిటికెడు ఉప్పు, మరో పళ్ళెంలో అంతే కర్పూరం పొడి వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. ఏది ఉప్పో, ఏది కర్పూరమో చెప్పగలరా? రెండూ తెలుపే, రెండూ పలుకులే. కళ్ళకు తేడా దొరకదు.

ఈ సంగతినే ఆధారం చేసుకొని వేమన ఒక పద్యం చెప్పాడు. మీరు చిన్న తరగతుల్లోనే దాన్ని కంఠస్థం చేసి ఉంటారు. ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒకే తీరుగా ఉన్నా రుచులు వేరు, మనుషుల్లో మంచివారి సంగతీ అంతే అని దాని భావం. పరీక్షలో "ఇందులోని అలంకారమేది?" అని అడుగుతారు. పేరు రాస్తాం. మార్కు వస్తుంది. కాని పేరు తెలిసినంత మాత్రాన పద్యం తెలిసినట్టేనా? "ఇది మందారాకు" అని గుర్తుపట్టినంతలో ఆ ఆకు మొక్కకు చేసే మేలు తెలియదు కదా! అలంకారం కూడా అంతే. పద్యంలో అది చేసే పని ఏమిటో చూడాలి.

పోలికలో ఏ గుణం?

ముందుగా తేలికైన ఉదాహరణ తీసుకుందాం. "తాతయ్య జుట్టు దూదిలా తెల్లగా ఉంది." ఇది ఉపమాలంకారం. దీనికి నాలుగు అంగాలున్నాయి. జుట్టు ఉపమేయం. దూది ఉపమానం. తెల్లగా ఉండడం సమానధర్మం. 'లా' అనేది ఉపమావాచకం. దూదికి ఎన్నో గుణాలున్నాయి. అది మెత్తన, నీటిని పీల్చుకుంటుంది, ఇట్టే అంటుకుంటుంది. కాని ఈ వాక్యం తీసుకున్నది తెల్లదనాన్ని ఒక్కటే. పోలికను అర్థం చేసుకోవడమంటే ఆ ఒక్క గుణాన్ని పట్టుకోవడమే.

ఇప్పుడు వేమన పద్యానికి వద్దాం. అందులో 'లా', 'వలె' అనే మాటలు లేవు. మొదట వస్తువుల గురించి ఒక మాట, ఆ పక్కనే మనుషుల గురించి మరొక మాట. ఒకటి బింబం, రెండవది ప్రతిబింబం. దీన్నే దృష్టాంతాలంకారం అంటారు. ఇక్కడ కవి సమానధర్మాన్ని విడిగా చెప్పడు. మనమే వెతుక్కోవాలి.

అది తెల్లదనమా? కాదు. కర్పూరం బూడిద మిగల్చకుండా మండిపోతుంది కనుక త్యాగమా? ఆ మాట ఈ పద్యంలో లేదు. ఉప్పు తక్కువదనీ లేదు. ఉప్పు లేనిదే ముద్ద దిగదు! కవి పట్టుకున్న గుణం ఒక్కటే: పైకి ఒకటిగా కనిపించడం, పరీక్షిస్తే వేరని తేలడం. అంటే ఈ పద్యం "మంచివారుగా ఉండండి" అని ఊరుకోవడం లేదు. "చూపును బట్టి మనిషిని తేల్చివేయకండి" అంటున్నది. అదే దీని ప్రధాన భావం.

తీసి చూద్దాం

మొక్కకు ఎండ అవసరమా అని తెలుసుకోవాలంటే ఏం చేస్తారు? ఒక మొక్కను చీకట్లో ఉంచి మార్పు గమనిస్తారు. పద్యంతోనూ అలాగే చేయవచ్చు. ఒక మాట తీసివేసి, ఏం పోయిందో చూడండి.

ఈ పద్యంలో ఉన్నది 'కర్పూరం' కాదు, 'కప్పురం'. ఉప్పు, కప్పురం అని పైకి అనండి. రెండింటిలోనూ 'ప్పు' వినిపిస్తున్నది కదూ! వస్తువులు కంటికి ఒకేలా ఉన్నట్టు, వాటి పేర్లు చెవికి దగ్గరగా ఉన్నాయి. 'కర్పూరం' అని మార్చితే ఆ పోలిక పోతుంది. పైగా ఆటవెలది గణం కూడా తప్పుతుంది. గణాలూ, యతీ ఇలా మాటను మారనివ్వకుండా కాపలా కాస్తాయి. 1829లో సి.పి.బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించేనాటికి అవి జనం నోళ్ళలోనూ, తాటాకుల మీదా నిలిచి ఉన్నాయి. అందుకు ఈ కాపలా కూడా ఒక కారణం.

ఇంకొకటి గమనించండి. చూడడమనే మాట అందులో వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. ఒకటి తీసివేస్తే ఏమవుతుంది? ఒక్క చూపుతో తేడా తెలిసిపోయినట్టవుతుంది. రెండూ ఉంటేనే 'మళ్ళీ మళ్ళీ చూడగా' అని తోస్తుంది. అంతేకాదు, తెలుగులో రుచిని కూడా 'చూస్తాం'! కంటి చూపు ఓడిపోయిన చోట నాలుక చూపు గెలుస్తుంది.

పద్యం వరుస కూడా మార్చి చూడండి. మనుషుల మాట ముందు వస్తే అది వట్టి నీతిబోధ. ఉప్పు సంగతి ముందు రావడంవల్ల "అవును, నిజమే" అని ముందే ఒప్పుకుంటాం. అప్పుడు మనుషుల మాట కాదనలేం.

రెండవ పరీక్ష

అయితే హారతి కర్పూరాన్ని మాత్రం నోట్లో వేసుకోకండి. అది విషం. మీరు నీటితో పరీక్షించండి. ఉప్పు కరిగిపోతుంది. కర్పూరం దాదాపు కరగదు, పలుకులు నీటిపై తేలుతాయి. గాలికి వదిలేస్తే కర్పూరం రోజురోజుకూ తరిగిపోతుంది. ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరి కావడాన్ని ఉత్పతనం అంటారు. ఉప్పు ద్రవంగా మారాలంటే 801 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి! కంటికి ఒకటైనవి ఎంత వేరో చూశారా?

మీ తరగతిలో అందరిదీ ఒకే యూనిఫారం. అందరూ నవ్వుతూ పలకరించేవారే. మీరు జ్వరంతో వారం రోజులు బడికి రానప్పుడు, అడగకుండానే నోట్సు తెచ్చి ఇచ్చినవారెవరు? ఆ రోజున ఈ పద్యం మీకు నిజంగా అర్థమవుతుంది.

ఈసారి మీ పాఠంలోని ఏ పద్యాన్ని చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. కవి దేన్ని దేనితో పోల్చాడు? అందులో ఏ గుణాన్ని తీసుకున్నాడు? ఆ పోలికను తీసివేస్తే ఏం పోతుంది? మూడవ ప్రశ్నకు జవాబు దొరికితే, అలంకారం పేరు మరచిపోయినా ఫరవాలేదు. పద్యం మీదైపోతుంది.