ఖరీదు పెట్రోలు పోస్తే బండి పరుగెత్తుతుందా?

పరవాడ: ఉదయం షిఫ్టు వేళ లంకెలపాలెం కూడలి తీర్థంలా వుంటుంది. ఫార్మాసిటీకి వెళ్లే మోటారు సైకిళ్లు, సింహాద్రి థర్మల్ కేంద్రం వైపు మళ్లే బస్సులు, గాజువాక వైపు పోయే ఆటోలు, వాటి మధ్యన లారీలు. ఈ హడావిడిలోనే బండికి పెట్రోలు పోయించుకోవాలి. వరుసలో ముందుకు రాగానే బంకు కుర్రాడు ఒకటే ప్రశ్న వేస్తాడు. "ఏటి బావూ, మామూలుదా, పవరా?"

ఆ ప్రశ్నకు కుర్రకారు జేబు తడుముకుని "పవరే కొట్టు" అంటారు. లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెడితే బండికి ఆ మేరకు ఊపు వస్తుందని వారి నమ్మకం. పెద్దవాళ్లు "అంతా ఒక టాంకీలోదేరా" అని కొట్టిపారేస్తారు. ఈ వాదనలో ఇద్దరిదీ పొరపాటే. రెండూ ఒకటి కావు. అయినా ఖరీదైనది పోసినంత మాత్రాన మామూలు బండి గుర్రమైపోదు.

రెండింటికీ తేడా ఆక్టేన్ సంఖ్యలో వుంది. బంకు మీద 91, 95, 100 అని కనిపించే అంకె అదే. అది పెట్రోలులో ఎంత శక్తి వుందో చెప్పదు. ఎంత ఒత్తిడిని, ఎంత వేడిని ఓర్చుకుని తనంతట తాను అంటుకోకుండా నిలబడగలదో చెబుతుంది.

సైకిలు పంపు మూతికి వేలు అడ్డుపెట్టి గట్టిగా నొక్కితే పంపు అడుగు కాలుతుంది. గాలిని అదిమితే వేడి పుడుతుంది గనుక. ఇంజను సిలిండరులోనూ అదే జరుగుతుంది. పిస్టను పైకి వస్తూ పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని అదుముతుంది. అదను చూసి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. అక్కడ పుట్టిన మంట గడ్డివాము అంటుకున్నట్టు ఒక అంచు నుంచి రెండో అంచుకు పాకాలి. అప్పుడే పిస్టనుకు తోపు సాఫీగా అందుతుంది. పెట్రోలుకు ఓర్పు చాలకపోతే మంట ఇంకా చేరని మూలన వున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఇక సిలిండరులో వున్నది మంట కాదు, దెబ్బ. రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టకటక చప్పుడు వస్తుంది. మెకానిక్కులు దీన్నే "నాకింగ్" అంటారు.

ఈ చప్పుడును నిర్లక్ష్యం చేస్తే ఖర్చు పెద్దది. ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది. పిస్టను రింగులు పట్టివుండే గాళ్లు విరుగుతాయి. హెడ్డు గాస్కెట్టు పోతుంది. ముదిరితే పిస్టను నెత్తికి చిల్లు పడుతుంది. నెలజీతం మీద బతికే కార్మికుడికి ఇంజను పని అంటే నెలంతా తలకిందులే.

కంప్రెషన్ లెక్క

ఏ బండికి ఎంత ఆక్టేన్ కావాలన్నది ఆ ఇంజను మిశ్రమాన్ని ఎంతగా అదుముతుందన్న దాని మీద ఆధారపడి వుంటుంది. పిస్టను అడుగున వున్నప్పుడు పైన వుండే జాగాను, పిస్టను పైకి వచ్చాక మిగిలిన జాగాతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ నిష్పత్తి. ఒకనాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్లకు ఇది 7కు అటూ ఇటూ వుండేది. తక్కువ రకం పెట్రోలు పోసినా అవి కిమ్మనకుండా లాగేవి. ఇప్పటి మామూలు మోటారు సైకిళ్లకు 9, 10 దాకా వుంటుంది. పందెపు వరసలో తయారయ్యే బండ్లకు 11, 12 కూడా దాటుతుంది. టర్బో కార్లలో మరో తిరకాసు వుంది. నిష్పత్తి చూడబోతే మామూలుగానే కనిపిస్తుంది. కాని టర్బో గాలిని ముందుగానే అదిమి లోపలికి తోస్తుంది. అందుచేత వాటికి ఓర్పుగల పెట్రోలు అవసరం.

అంటే ఎక్కువ ఆక్టేన్ వల్ల లాభం దాన్ని అడిగే ఇంజనుకే. ఎక్కువగా అదిమే ఇంజను అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబడుతుంది, ఆ అదుముడుకు తగిన పెట్రోలు పోసినప్పుడు. 91 చాలునని తయారుచేసిన వంద సీసీ బండిలో 100 పోస్తే ఆ ఓర్పు వాడుకునేవారు లేక వృథా అవుతుంది. గంపెడు బరువుకు లారీ మాట్లాడుకున్నట్టు!

అంకెలు ఎక్కడివి?

1920లలో అమెరికాలో కార్ల ఇంజన్లు టకటకలాడుతుంటే, పెట్రోలులో ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చడానికి కొలబద్ద లేకపోయింది. గ్రాహమ్ ఎడ్గార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు ద్రవాలు తీసుకున్నాడు. ఒకటి ఐసో ఆక్టేన్. ఎంత అదిమినా తొందరపడదు. దానికి 100 మార్కులు. రెండోది హెప్టేన్. ముట్టుకుంటే మండిపడే రకం. దానికి సున్నా. ఇప్పుడు 91 అంటే, 91 పాళ్లు మొదటిది, 9 పాళ్లు రెండోది కలిపిన ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో ఆ పెట్రోలు కూడా అలాగే ప్రవర్తిస్తుందన్న మాట. దీన్ని ఈనాటికీ ఒంటి సిలిండరు పరీక్ష ఇంజనులోనే కంప్రెషన్ పెంచుతూ, తగ్గిస్తూ తేలుస్తారు.

అమెరికాలో వున్న అబ్బాయి ఫోనులో "ఇక్కడ మేం 87 పోస్తాం" అంటే కంగారుపడనక్కరలేదు. అక్కడ రెండు రకాల పరీక్షల సగటు కట్టి బంకు మీద రాస్తారు. అక్కడి 87 మన లెక్కలో సుమారు 91.

మల్కాపురంలో జరిగేది

పరవాడకు పాతిక కిలోమీటర్ల లోపే ఈ ఓర్పును తయారుచేసే కర్మాగారం వుంది. విశాఖ రిఫైనరీని 1957లో కాల్టెక్స్ కంపెనీ ప్రారంభించింది. 1976లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఏడాదికి ఏడు లక్షల టన్నుల లోపు ముడిచమురుతో మొదలైన కర్మాగారం విస్తరణల మీద విస్తరణలతో కోటీ యాభై లక్షల టన్నుల స్థాయికి చేరింది.

ముడిచమురును కాచి వడగట్టగానే బంకులో పోసే పెట్రోలు వచ్చేయదు. మొదట వచ్చేది నాఫ్తా. దాని ఆక్టేన్ చాలా తక్కువ. ఇప్పటి ఇంజనులో అది పోస్తే నాలుగడుగులు వేయకముందే టకటక మొదలవుతుంది. దాన్ని ప్లాటినం వంటి ఖరీదైన లోహం కలిసిన ఉత్ప్రేరకాల మీదుగా పంపి, అణువుల అమరికను మార్చి ఆక్టేన్ పెంచుతారు. బరువైన నూనెలను ముక్కలు చేసి మరికొంత పెట్రోలు తీస్తారు. వీటన్నిటినీ పాళ్లు చూసి కలుపుతారు. పెద్ద అంకె పెట్రోలుకు ధర ఎక్కువ కావడానికి ప్రచారం ఖర్చు ఒక్కటే కారణం కాదు. తయారీ కూడా కష్టమే.

ఇంత శ్రమ లేకుండా ఆక్టేన్ పెంచే అడ్డదారి ఒకటి ప్రపంచం చాలాకాలం తొక్కింది. 1921లో అమెరికా జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ, సీసం కలిసిన ఒక ద్రవాన్ని చిటికెడు కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. చవక మందు. కాని సీసం విషం. 1924లో న్యూజెర్సీలో ఆ ద్రవం తయారీలో వున్న కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా అది ఆగలేదు. దశాబ్దాలపాటు లోకంలోని ప్రతి రోడ్డు మీదా బండి పొగలో సీసం వెదజల్లారు. పసిపిల్లల మెదడుకు అది చేసే చేటు తేలిన తర్వాతే దేశాలు ఒక్కొక్కటిగా మానుకున్నాయి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అన్నిచోట్లా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆఖరుగా అల్జీరియా 2021లో మానింది.

చెరకు సారం కలిసింది

ఇప్పుడు సీసం చేసిన పనిని కొంతమేరకు ఇథనాల్ చేస్తోంది. చెరకు నుంచి, బియ్యం నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే సారాయి ఇది. బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి జిల్లా రైతుకు చెరకు పులిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇథనాల్ ఆక్టేన్ 108 పైమాటే. 2020లో బిఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మామూలు పెట్రోలు ఆక్టేన్‌కు కనీస హద్దు 91. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చింది. దాంతో మామూలు పెట్రోలే 95 దాకా చేరుతుందని పెట్రోలియం మంత్రిత్వశాఖ 2025లో ప్రకటించింది. ఈ ఒక్క ముక్కతోనే అదనపు ధర ఇచ్చి 95 పోయించుకోవడంలో అర్థం సగం పోయింది.

కాగా ఇథనాల్‌కు రెండు లోపాలు వున్నాయి. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కన్నా అందులో శక్తి మూడోవంతు తక్కువ. అందువల్ల మైలేజీ కొంత పడిపోతుంది. పాత లెక్కకు తయారైన కార్లలో 6, 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3, 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా కట్టింది. రెండోది, అది నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో వారాల తరబడి ఆరుబయట వదిలేసిన బండి టాంకీ మూత వదులైతే లోపలికి దిగిన నీరు ఇథనాల్‌ను లాక్కుని అడుగున చేరుతుంది. బండి మొరాయిస్తుంది. పదేళ్లు దాటిన బండ్లకు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఒకసారి చూపించుకోవడం మంచిది.

మరి ఏది పొయ్యాలి?

జవాబు బండిలోనే వుంది. టాంకీ మూత లోపలి చీటీ మీదనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఆక్టేన్ అంకె రాసివుంటుంది. 91 అని వుంటే మామూలుదే చాలు. 95 అని వుంటే అంతకు తగ్గించి పొయ్యరాదు. తక్కువ పోసినా కొత్త కార్లలో నాకింగ్‌ను పసిగట్టే పరికరం వుండి నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజను బతుకుతుంది గాని పికప్పు, మైలేజీ రెండూ పోతాయి. చవక మోటారు సైకిళ్లలో చాలావాటికి ఆ కాపలా లేదు. ఇక 100 ఆక్టేన్ ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ దాన్ని ఢిల్లీలో లీటరు 160 రూపాయలకు విడుదల చేసిన రోజున అక్కడ మామూలు పెట్రోలు 82 రూపాయలు. అది కోట్ల రూపాయల కార్లకు, పందెపు బండ్లకు ఉద్దేశించింది.

లీటరుకు 8 రూపాయలు తేడా అనుకుందాం. నెలకు 30 లీటర్లు వాడేవాడు ఏడాదికి 2,880 రూపాయలు అదనంగా పోస్తున్నాడు. ఆ డబ్బుతో వేళకు ఇంజనాయిలు మార్పించి, కొత్త ప్లగ్గు, గాలి ఫిల్టరు వేయిస్తే బండిలో తేడా తెలుస్తుంది.

మామూలు బండి ఉన్నట్టుండి టకటకలాడితే పెట్రోలు మార్చే ముందు చూడవలసినవి వేరే వున్నాయి. పిస్టను నెత్తిన బొగ్గు పేరుకుంటే జాగా తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. సరిపడని ప్లగ్గు ఎర్రగా కాలినా అదే ఫలితం. ఇద్దరు మనుషుల్ని, ఒక బస్తాను ఎక్కించుకుని పాడేరు ఘాటు మీద టాప్ గేరులో లాగించినా ఇంజను కొట్టుకుంటుంది. అక్కడ మందు గేరు తగ్గించడమే.

డీజిలు బండ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ నిప్పురవ్వే లేదు. అదుముడు వేడికే నూనె అంటుకోవాలి. ట్రాక్టరులో పెట్రోలు పోసినా, స్కూటరులో డీజిలు పోసినా నష్టమే.

కల్తీ దగ్గర కన్నేయాలి

అసలు ఆక్టేన్ పడిపోయేది కల్తీతో. కిరోసిన్ ఆక్టేన్ ఇరవై దరిదాపుల్లో వుంటుంది. పెట్రోలులో కొద్ది పాళ్లు కలిసినా ఓర్పు చచ్చి నాకింగ్ మొదలవుతుంది, పొగ కమ్ముతుంది. పల్లెల్లో కిళ్లీబడ్డీల ముందు సీసాల్లో వేలాడే పెట్రోలు ఏ బంకుదో, అందులో ఏమి కలిసిందో అడిగే దిక్కు లేదు. అది అమ్మడం చట్టవిరుద్ధం, పక్కనే బీడీ అంటించుకునే చోట ప్రమాదం కూడా.

బంకులో అయితే అడిగే హక్కు వుంది. వడపోత కాగితం అడిగి తీసుకుని, గొట్టం మూతి తుడిచి ఒక చుక్క వేయించాలి. రెండు నిమిషాల్లో మచ్చ మిగలకుండా ఆరిపోతే మంచిది. జిడ్డు మచ్చ మిగిలితే అనుమానించాలి. సాంద్రత కొలిచి చూపమనవచ్చు. ఆ రోజు పుస్తకంలో రాసిన అంకెకు ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా వుండరాదు. కొలత మీద అనుమానమైతే ముద్ర వేసిన అయిదు లీటర్ల పాత్రలో పోయించి చూసుకోవచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. బంకులో ఫిర్యాదుల పుస్తకం వుంచడం నిబంధన. అడిగితే లేదనడానికి వీల్లేదు.