జమీందారుకు ఓటెయ్యనన్న రావు బహద్దూర్

ఏప్రిల్ 16 ముందరి ఆదివారానికి ముఖచిత్ర కథనం కావాలి, రంగస్థల నటుడు బళ్లారి రాఘవ మీద. పాత వ్యాసాలన్నీ కలిపి వండి పంపొద్దు. ఎడిటరుగారు ఫోన్లో చెప్పింది ఇంతే. గడువు తక్కువ. రాఘవ గురించి వెతికితే చేతికొచ్చేవి మాత్రం ఆ పాత వ్యాసాలే. గాంధీజీ మెచ్చారు, ఇంగ్లండు వెళ్లొచ్చారు, బెర్నార్డ్ షా అబ్బురపడ్డాడు... అన్నిటిలోనూ అవే మాటలు, అదే వరుస. చదివే కొద్దీ అనుమానం పెరిగింది. పెద్దవాళ్లు మెచ్చుకున్నారన్నంత మాత్రాన ఆయన ఎలా నటించాడో మనకెలా తెలుస్తుంది?

అలా వెతుకుతుంటే 1939 దగ్గర ఆగిపోయాను. ఆ ఏడాది వచ్చిన ‘రైతుబిడ్డ’లో రాఘవ వేసింది నర్సిరెడ్డి అనే చిన్న రైతు వేషం. అప్పటికాయనకు యాభై తొమ్మిదేళ్లు. బళ్లారిలో పేరున్న వకీలు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేసినవాడు, దొరల ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదిచ్చిన మనిషి. స్టేజీ మీద ఒథెల్లో, షైలాక్, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు వేసి జనాన్ని హడలెత్తించినవాడు. కెమెరా ముందు మాత్రం షావుకారు దగ్గర అప్పు చేసిన బక్క రైతుగా నిలబడ్డాడు.

కథలో ఆ రైతు ఊళ్లో ఎన్నికలొస్తాయి. జమీందారు నిలబెట్టిన మనిషికి కాకుండా రైతుల తరఫు అభ్యర్థికి ఓటేస్తానంటాడు. అక్కడి నుంచి మొదలవుతాయి కష్టాలు. అప్పు, కోర్టు, పగ అన్నీ కలిసి ఇంటి మీద పడతాయి.

ఇప్పుడు చూస్తే ఇందులో అంత సంచలనం ఏముందనిపిస్తుంది. కానీ అప్పటికి రెండేళ్ల కిందటి సంగతి గుర్తు చేసుకోవాలి. 1937 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో జమీందార్ల అండతో నడిచిన జస్టిస్ పార్టీ కూలిపోయింది. ముఖ్యమంత్రి పీఠం మీదున్న బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీద వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారీల మీద టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ విచారణ చేసి 1938లో నివేదిక ఇచ్చింది. ఆ వేడి చల్లారకముందే ‘జమీందారుకు ఓటెయ్యను’ అనే రైతు తెర మీదికొచ్చాడు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఎవరిని అంటున్నారో విడమరిచి చెప్పనక్కర్లేదు. జమీందార్లకు అంతకన్నా అక్కర్లేదు. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాల వైపు నుంచి నోటీసులొచ్చాయి, కొన్నిచోట్ల ఆట ఆగిపోయింది. వెంకటగిరిలో ఫిల్ము తగలబెట్టారని కూడా చెప్పుకుంటారు.

తమాషా ఏమిటంటే సినిమాకు డబ్బు పెట్టిందీ జమీందారే. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ వెనకున్న సారథి ఫిలిమ్స్ సినిమా ఇది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం అంతకుముందు ఏడాదే ‘మాలపిల్ల’ తీసి ఊళ్లకు ఊళ్లనే కదిలించినవాడు. రాజుగారి డబ్బుతో రాజుల మీదే సినిమా తీయగలిగాడంటే రామబ్రహ్మం గుండె ధైర్యం సంగతి వేరే చెప్పాలా? ఇక రాఘవ సంగతి. కోర్టులో అన్నేళ్లూ సర్కారు పక్షాన వాదించిన మనిషి, అప్పులపాలైన రైతుగా అదే కోర్టు గడప తొక్కే వేషం ఒప్పుకున్నాడు. కిరీటం లేదు, గద లేదు, పెద్ద పెద్ద డైలాగులూ లేవు. షా ఏమన్నాడో నాకక్కర్లేదు, ఈ వేషం ఒప్పుకోవడమే నాకు రాఘవ గొప్పతనం.

ఈ కథంతా మానవపాడులో మా వీధి చివర అరుగు మీద చెబుతుంటే, మిరప కల్లం నుంచి వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన అడ్డుకున్నాడు. “ఆగు సారూ, అప్పుడు రైతుకు ఓటుండెనా?” అన్నాడు. నేను చదివిన వ్యాసాల్లో ఒక్కటీ ఈ ప్రశ్న అడగలేదు. ఉండేది, కానీ అందరికీ కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రంలో ఓటు ఆస్తిని, కట్టే పన్నును, చదువును బట్టి వచ్చేది. పట్టా ఉండి శిస్తు కట్టే నర్సిరెడ్డి లాంటివాడికి ఓటుంది, అతని పొలంలో కూలికొచ్చేవాడికి లేదు. ఇక తుంగభద్రకు ఇవతలున్న మనకో? నిజాం రాజ్యంలో మన నడిగడ్డ రైతుకు అలాంటి ఓటే లేదు. కర్నూలు ఒడ్డున నిలబడి రాఘవ జమీందారుకు వెయ్యనన్న ఓటు అలంపురం ఒడ్డున అసలు పుట్టనే లేదు. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వి, “మరి మనోడు వేషం కట్టాలంటే ఏం కట్టాల?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చరిత్ర కూడా కొంత చెప్పకపోతే ఎడిటరుగారు ఊరుకోరు. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. నాటకాల పిచ్చి మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు పెట్టింది. ఆంధ్ర నాటక పితామహుడని పేరున్న ఆయన బళ్లారిలో సరస వినోదిని సభ నడిపేవారు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావుది సుమనోరమ సభ. కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం వేషం రాఘవకు పేరు తెచ్చింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ, తర్వాత బళ్లారిలో వకాలత్తు. తెలుగు, కన్నడ, హిందుస్తానీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ ఆడారు. 1927లో ఆయన వేసిన ‘దీనబంధు కబీర్’ నాటకాన్ని గాంధీజీ చూశారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం పుట్టిన రోజని తెలుగు నాటక రంగ దినోత్సవం జరుపుకునేదీ ఆ తారీఖునే. వేదికల మీద రాఘవకు దక్కేది చివర్లో ఒక వాక్యం.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. స్టేజీ మీద పద్యాన్ని సాగదీయడం రాఘవకు గిట్టదు. మాట మాటలా ఉండాలి, మనిషి మనిషిలా కదలాలి, రాగం భావాన్ని మింగకూడదు అన్నది ఆయన పట్టు. మా వైపు జాతరల్లో ఇది చెల్లదు. హరిశ్చంద్ర కాటి సీనులో పద్యం అయిపోగానే వన్స్ మోర్ పడకపోతే హార్మోనిస్టు చిన్నబోతాడు, జనం లేచి టీ కొట్టుకు పోతారు. తెల్లవారుజాము చలిలో దుప్పటి కప్పుకుని ఆ రాగం విన్నవాణ్ని నేను, దాన్ని వదులుకోలేను. కానీ కెమెరా దగ్గరికొచ్చాక రాఘవ మాటే నెగ్గిందని ఒప్పుకోవాలి. ఇంకో తమాషా, తెలుగు నాటకంలో పాటా పద్యం విరివిగా పెట్టిన పెద్దల్లో ఆయన మేనమామే ముందుంటారు. మేనల్లుడు ఆ ప్రభావంలోనే పెరిగి ఆ పద్ధతికే ఎదురు తిరిగాడు.

ఒలీవియర్‌తో ఆడారా?

ఇంగ్లండులో లారెన్స్ ఒలీవియర్, చార్లెస్ లాటన్‌లతో కలిసి నటించారని రాస్తుంటారు. ఒలీవియర్ పుట్టింది 1907లో. రాఘవ ఇంగ్లండు వెళ్లింది 1927-28 ప్రాంతంలో. అంటే అప్పటికి ఒలీవియర్ ఇరవై దాటీ దాటని కుర్రాడు, పేరింకా రాలేదు. ఎవరి పక్కన ఎవరు ఆడారని రాయాలో మీరే చెప్పండి.

మూడే సినిమాలు

1936లో ఒకే కథతో రెండు ద్రౌపదులు పోటీ పడ్డాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు రాఘవ, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ. నెగ్గింది వస్త్రాపహరణమే. తర్వాత 1939లో ‘రైతుబిడ్డ’, 1940లో కన్నాంబతో ‘చండిక’. అంతటితో సరి.

ఆడవేషం ఆడవాళ్లకే

మగవాళ్లు చీరకట్టి ఆడే రోజుల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లను స్టేజీ ఎక్కించారు. వాళ్లలో ఒకరు కొమ్మూరి పద్మావతీదేవి. ‘రైతుబిడ్డ’లోనూ ఆమె ఉన్నారు, టంగుటూరి సూర్యకుమారితో పాటు.

ఏ రాష్ట్రం మనిషి?

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. 1956 దాకా గద్వాల, అలంపురం కూడా రాయచూరు జిల్లాలోవే. ఊళ్లు అటూ ఇటూ మారాయి, రాఘవ మాత్రం రెండు రాష్ట్రాలకూ సగం సగం మిగిలారు. బళ్లారిలో ఆయన పేరిట కళామందిరం ఉంది. 1981లో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

చివరగా చదువరులకు ఒక మనవి. ఆ రోజుల్లో సినిమా హాలు దగ్గర కథ, పాటలు అచ్చేసిన చిన్న పుస్తకాలు అమ్మేవారు. నాటకాలకు కరపత్రాలు పంచేవారు. మన నడిగడ్డలో కర్నూలు, ఆదోని, బళ్లారి చుట్టరికం లేని ఇల్లు తక్కువ. తాతల నాటి ట్రంకు పెట్టెలో ‘రైతుబిడ్డ’ పాటల పుస్తకమో, బళ్లారి నాటక సభల కరపత్రమో కనబడితే పాత కాగితాల వాడికి వేసేయకండి. ఫొటో తీసి దగ్గర్లోని గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.