ఫైబరు కాని ఫైబరు

మోటారు సైకిలు సైడు ప్యానెల్ పగిలిందని షాపుకు వెళ్తే, "ఫైబరు సార్, అతకదు, కొత్తది వేయించండి" అంటారు. హాస్టలు ముందు స్టాండు జారి పడిన మా బావ బండికీ అదే తీర్పు వచ్చింది. ఆదివారానికల్లా బండి అప్పగించాలి. సరే, మనమే అతికిద్దామని రెండు గొట్టాల జిగురు కలిపి పూశాను. రాత్రికి రాయిలా గట్టిపడింది. పొద్దున్న గోరు పెట్టి లాగితే మీగడ తరకలా ఊడొచ్చింది. తప్పు జిగురుది కాదు, నాది. రోగమేమిటో తెలియకుండా వైద్యం మొదలుపెట్టాను.

మనం ఫైబరు అనే మాటలో కనీసం మూడు పదార్థాలున్నాయి. పగిలిన అంచున గాజు పోగులు కనిపిస్తే అది అసలైన ఫైబర్ గ్లాసు. లేకుంటే ప్లాస్టిక్కే. చాలా భాగాల లోపలివైపు ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. లేదంటే రంగు గీకేసిన చిన్న ముక్కను నీళ్లలో వేసి చూడండి. పీపీ, అంటే పాలీప్రొపిలీన్, సాధారణంగా తేలుతుంది; ఏబీఎస్ మునుగుతుంది.

ఏదైనా సరే, ముందు పగులు చివర 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. లేకపోతే బండి అదురుకు పగులు ఇంకా పాకుతుంది.

మా బావ ప్యానెల్ పీపీ. మైనంలాంటి దాని ఒంటికి మామూలు జిగురేదీ పట్టదు. పగులు వెంట గాడి తీసి, అదే జాతి ప్లాస్టిక్ పేలికను (అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా పనికొస్తుంది) సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి నింపాలి. లోపలివైపు సన్నని స్టీలు జల్లెడ ముక్క అద్దితే బలం. ఏబీఎస్ అయితే ఇంత కష్టం లేదు. దాని తునకలనే అసిటోన్‌లో నానబెడితే దోసెపిండిలా అవుతుంది, అదే జిగురు. దగ్గర్లో నిప్పు మాత్రం ఉండకూడదు.

ఫైబర్ గ్లాసుకు వెనకవైపు రెండంగుళాల మేర ఉప్పుకాగితంతో గరుకుచేసి, గాజు మ్యాట్‌ను మూడు పొరలుగా, ఒకదానికంటే ఒకటి పెద్దదిగా, పాలిస్టర్ రెజిన్‌తో తడిపి వేయాలి. బ్రష్షుతో రుద్దకండి, పొడుస్తూ గాలిబుడగలు తీయండి. 100 గ్రాముల రెజిన్‌కు హార్డనర్ 1 నుంచి 2 గ్రాములు చాలు. మన మే నెల ఎండలో కొంచెం ఎక్కువైతే మగ్గులోనే ఉడికి గడ్డకడుతుంది. గాలి తగిలే పైపొర జిగటగా మిగలకుండా పాలిథిన్ కాగితం కప్పాలి. రుద్దేటప్పుడు నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పవు. ఆ దురద దూలగొండికి తీసిపోదు.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఒకటుంది. కొన్నిచోట్ల కోబాల్టు, హార్డనర్ వేర్వేరు సీసాల్లో అమ్ముతారు. ఆ రెండింటినీ ఎన్నడూ నేరుగా కలపకండి, భగ్గుమంటుంది, పేలనూవచ్చు. కోబాల్టును ముందు రెజిన్‌లో బాగా కలిపేశాకే హార్డనర్ వేయాలి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. అలాగే చిట్లిన హెల్మెట్‌ను అతికించే ఆలోచన చేయకండి, కొత్తది కొనండి.

బావ ప్యానెల్‌కు చీల కూడా ఒకటి విరిగింది. పడినందుకు కాదు, అది కూర్చునే రబ్బరు బుష్ ఎండి బిగుసుకున్నందుకు. ఇప్పుడు బిగించేముందు ఆ రబ్బరుకు కాస్త సబ్బునీళ్లు రాస్తున్నాను.